కొండ దిగే కారుకు బ్రేక్ ఆయిల్: ఎంచుకోవడం, మార్చుకోవడం

తిరుపతిలో కారున్న వారిని ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే తడుముకోకుండా చెబుతారు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే మాత్రం చాలామంది మెకానిక్ ముఖం చూస్తారు. ఆయన బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా మీది గీతను వేలితో చూపించి, ‘లెవెల్ ఉంది కదా సార్, ఏం ఫరవాలేదు’ అంటాడు. లెవెల్ సరిగా ఉండటం వేరు, ఆ ద్రవం పనికొచ్చే స్థితిలో ఉండటం వేరు. లీలామహల్ సర్కిల్ నుంచి బస్టాండు దాకా పోయి వచ్చే కారులో ఈ తేడా ఏళ్ల తరబడి బయటపడదు. తిరుమల నుంచి కిందికి దిగేటప్పుడో, పలమనేరు నుంచి చిత్తూరు వస్తూ మొగిలి ఘాట్‌లోనో, పీలేరు వైపు నుంచి తిరుపతి వస్తూ భాకరాపేట ఘాట్‌లోనో ఒక్కసారిగా బయటపడుతుంది. అందుచేత మన ప్రాంతంలో కారు నడిపేవారు ఈ విషయంలో మైదాన ప్రాంతాల వారికంటే ఎక్కువ పట్టింపుతో ఉండాలని నా అభిప్రాయం. బ్రేక్ ఆయిల్‌ను ఎలా ఎంచుకోవాలో, ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవచ్చో, ఏ సందర్భంలో ఆ పనికి మనం చేయి పెట్టకూడదో ఇక్కడ వివరిస్తాను.

బ్రేక్ ఆయిల్ ఎందుకు పాతబడుతుంది

పెడల్ మీద మన కాలు వేసే ఒత్తిడి బూస్టర్ సాయంతో పెరిగి, పెడల్‌కు తగిలి ఉండే మాస్టర్ సిలిండర్‌లోని ద్రవం ద్వారా సన్నని గొట్టాల వెంట చక్రాల దగ్గరికి చేరి, డిస్కును పట్టి ఉండే క్యాలిపర్లలోని పిస్టన్లను నెడుతుంది. ఆ పిస్టన్లు ప్యాడ్లను డిస్కుకు అదుముతాయి. ద్రవాన్ని ఎంత నొక్కినా కుదించుకుపోదు కాబట్టే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. ఆవిరి అలా కాదు, నొక్కితే కుదించుకుపోతుంది. ఎక్కడైనా ద్రవం మరిగి ఆవిరి బుడగ ఏర్పడితే, కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే ఖర్చయిపోయి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది గానీ బండి ఆగదు.

బ్రేక్ ఆయిల్‌ను డాట్ అనే అమెరికా ప్రమాణం ప్రకారం రకాలుగా విడదీస్తారు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ఈథర్లనే రసాయనాల ఆధారంగా తయారవుతాయి. వీటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత బిగించే ఉన్నా, చక్రాల దగ్గర వంగే రబ్బరు గొట్టాల గోడల గుండా, డబ్బా మూతకు ఉన్న గాలి రంధ్రం గుండా తేమ కొద్దికొద్దిగా లోపలికి చేరుతూనే ఉంటుంది. నీటి శాతం పెరిగిన కొద్దీ మరుగు స్థానం పడిపోతుంది. గొట్టాల్లోనూ సిలిండర్లలోనూ తుప్పు మొదలవుతుంది. బండి పెద్దగా తిరగకుండా షెడ్డులోనే ఉన్నా ఇది ఆగదు. అందుకే బ్రేక్ ఆయిల్‌కు కిలోమీటర్ల లెక్క కంటే కాలం లెక్క ముఖ్యం.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి 150 మీటర్ల చిల్లర. అంటే దిగే బండి దాదాపు 700 మీటర్లు కిందికి వస్తుంది. ఐదుగురు కూర్చున్న, 1500 కిలోల బరువుండే కారు ఈ ఎత్తు దిగేసరికి వదులుకోవలసిన శక్తి సుమారు కోటి జౌళ్లు. ముప్పై లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి దాదాపు అంత వేడి కావాలి. ఇందులో కొంత టైర్ల రాపిడికి, గాలి ఒరిపిడికి పోతుంది. మిగిలినదాన్ని ఇంజిన్ అయినా ఆపాలి, బ్రేకులైనా ఆపాలి. రెండో గేరులో దిగేవారికి ఇంజిన్ చాలావరకు మోస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు మిగిల్చామనుకునేవారికి ఆ వేడంతా డిస్కుల్లోకీ, వాటి నుంచి క్యాలిపర్‌లోని ద్రవంలోకీ పోతుంది. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఇప్పుడు ఎక్కడానికి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి వాడుతున్నారు. మలుపు మీద మలుపు వచ్చే ఆ పాత దారిలో బ్రేకు చల్లబడటానికి దొరికే వ్యవధి తక్కువ.

ఇక్కడ రెండు లక్షణాలను వేరు చేసి చూడాలి. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగకపోతే, కాలిన వాసన కూడా వస్తుంటే, ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయని అర్థం. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంటే ద్రవం మరిగిందని అనుమానించాలి. రెండో దానిలో ఒక మోసం ఉంది. బండి ఆగి చల్లబడగానే ఆవిరి మళ్లీ ద్రవంగా మారుతుంది, పెడల్ యథాస్థితికి వస్తుంది. మరుసటి రోజు షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్‌కు ఏ లోపమూ కనిపించదు. మరొక చిక్కు కూడా ఉంది: బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి డిస్కులు కొంత చల్లబడుతూ ఉంటాయి గానీ, ఆపిన తరువాత ఆ వేడి నిదానంగా క్యాలిపర్‌లోకి పాకుతుంది. ఘాట్ బాగానే దిగి, కిందికి వచ్చాక ఆపి టీ తాగి, తిరిగి బండి ఎక్కినప్పుడు పెడల్ దిగిపోవడం ఇందువల్లనే జరగవచ్చు.

డబ్బా మీద చూడవలసినవి

కారు ఏ రకాన్ని కోరుతుందో బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే ఉంటుంది, యజమాని పుస్తకంలోనూ ఉంటుంది. దుకాణదారు మాట కంటే, వీడియోల కంటే ఆ మూత మీది మాటే ప్రమాణం.

డాట్ ప్రమాణంలో ప్రతి రకానికీ రెండు మరుగు స్థానాలు నిర్ణయించారు. మొదటిది తేమ చేరని కొత్త ద్రవానిది, రెండోది సుమారు 3.7 శాతం నీరు చేరిన ద్రవానిది. డాట్ 3కి ఇవి కనీసం 205, 140 డిగ్రీల సెల్సియస్, డాట్ 4కు 230, 155, డాట్ 5.1కు 260, 180. ప్రకటనల్లో మొదటి అంకెనే పెద్ద అక్షరాలతో వేస్తారు. కొండ దారుల్లో తిరిగే మనం చూడవలసింది రెండోది, ఎందుకంటే డబ్బా తెరిచిన రోజు ఉన్న గుణం కారులో ఎక్కువ కాలం నిలవదు. రెండేళ్లు వాడిన డాట్ 4 కంటే నిన్న పోసిన డాట్ 3 మేలు కావచ్చు. కాబట్టి పెద్ద నంబరు కోసం ఎక్కువ డబ్బు పెట్టి నాలుగేళ్లు మరచిపోవడం కంటే, కారుకు తగినదే కొని వేళకు మార్చడం మంచిది.

మూత మీద డాట్ 3 అని ఉన్న కార్లలో డాట్ 4 వాడటం సాధారణంగా సమ్మతమే, అయినా పుస్తకం చూసుకుని నిర్ణయించాలి. డాట్ 4 అని ఉన్న కారులో డాట్ 3 పోసి కిందికి దిగజార్చకూడదు. ఈఎస్‌పీ (మలుపుల్లో బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు) ఉన్న కొన్ని కార్లకు తక్కువ చిక్కదనం గల డాట్ 4 కావాలని కంపెనీ చెబుతుంది. ఆ ఏర్పాటులోని సన్నని వాల్వుల్లో ద్రవం చురుకుగా కదలడానికి ఆ షరతు పెట్టారు కాబట్టి దాన్ని తేలికగా తీసుకోకూడదు. పందెం కార్ల కోసం తయారుచేసినవి మొదటి మరుగు స్థానంలో అందరినీ మించినా, వాటిని తరచుగా మార్చుతూ ఉండాలి. ఇంటి కారుకు వాటితో పనిలేదు.

డాట్ 5 విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అంకె చూసి 4 కంటే మెరుగు, 5.1కి అన్న అనుకుంటారు గానీ, ఇది పూర్తిగా వేరే జాతి. సిలికోన్‌తో తయారై, ఊదా రంగులో ఉంటుంది. గ్లైకాల్ రకాలతో కలవదు. నీటిని తనలో కలుపుకోదు కాబట్టి లోపలికి చేరిన నీరు బొట్లుగా కిందికి దిగి, అన్నింటికంటే వేడెక్కే క్యాలిపర్‌లోనే నిలుస్తుంది. గాలి బుడగలను పట్టి ఉంచే గుణం వల్ల ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లకు పనికిరాదు. మనం నడిపే కార్లలో దీనికి చోటు లేదు. డాట్ 3, 4, 5.1 మాత్రం ఒకదానితో ఒకటి కలిసినా హాని లేదు, అయితే ఆ మిశ్రమం గుణం తక్కువ రకం వైపు దిగుతుంది.

వాడుకలో దీన్ని ఆయిల్ అంటున్నా, ఇంజిన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఒక్క చెంచా కూడా ఇందులో పడకూడదు. పెట్రోలియం నూనె తగిలితే బ్రేక్ వ్యవస్థలోని రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. అప్పుడు మాస్టర్ సిలిండర్, క్యాలిపర్ సీళ్లు, గొట్టాలు అన్నీ మార్చుకోవలసిన ఖర్చు మీద పడుతుంది. ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటాను తుడిచి దీనికి వాడటం కూడా తప్పే.

కొనేటప్పుడు సీలు తెంచని డబ్బానే తీసుకోవాలి. మూత కింద రేకు పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో, తయారీ తేదీ స్పష్టంగా ఉందో లేదో చూడాలి. దుమ్ము పట్టి అర మీద పడి ఉన్నదాన్ని తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దనాలి. కారు మొత్తానికి మార్చాలంటే సాధారణంగా ఒక లీటరు సరిపోతుంది. లీటరు డబ్బా ఒకటి కాకుండా అర లీటరువి రెండు కొంటే, రెండోదాన్ని అవసరమైతేనే తెరవవచ్చు. ఖర్చు కొన్ని వందల రూపాయలు దాటదు.

ఎప్పుడు మార్చాలి

చాలా కంపెనీల పుస్తకాలు రెండేళ్లకు ఒకసారి అని చెబుతాయి, కొన్ని మూడేళ్లు అంటాయి. తరచుగా కొండ ఎక్కి దిగేవారు, ముఖ్యంగా ట్రావెల్స్ బండ్లు నడిపేవారు రెండేళ్ల గడువు దాటనివ్వకూడదు. ఏడాదికోసారి మార్చినా అతి కాదు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, గాలిలో తేమ ఎక్కువ. డబ్బా మూత తీసి గంటసేపు చేసే పని కాబట్టి ముసురు రోజుల్లో పెట్టుకోకూడదు. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు ఒక పొడి రోజు చూసుకుంటే, వేసవి సెలవుల్లో చుట్టాలను కొండకు తీసుకుపోయే నాటికి బండిలో కొత్త ద్రవం ఉంటుంది.

రంగును బట్టి తీర్పు చెప్పడం పూర్తిగా నమ్మదగినది కాదు. కొత్తది పలచని తేనె రంగులో ఉంటుంది, పాతది టీ డికాక్షన్‌లా నల్లబడుతుంది, నల్లబడితే మార్చాల్సిందే. కానీ తెల్లగా కనిపించినంత మాత్రాన తేమ లేదనుకోవడానికి వీల్లేదు. పెన్ను ఆకారంలో దొరికే తేమ పరీక్ష పరికరాలు డబ్బాలోని ద్రవం ఎంత విద్యుత్తును ప్రసరింపజేస్తుందో చూసి ఒక అంచనా మాత్రమే ఇస్తాయి. ద్రవాన్ని నిజంగా వేడిచేసి మరుగు స్థానం చూపే యంత్రం ఏ సర్వీసు సెంటర్‌లోనైనా ఉంటే దాన్ని నమ్మవచ్చు. ఆఖరుసారి ఎప్పుడు మార్చారో తెలియని సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఈ పరీక్షల జోలికి పోకుండా మార్చేయడమే సులువు.

లెవెల్ గురించి ఒక మాట చెప్పాలి. ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనుక ఖాళీని ద్రవం నింపుతుంది, అందువల్ల డబ్బాలో లెవెల్ నెమ్మదిగా దిగడం సహజం. అది చూసి పై గీత దాకా పోస్తే, తరువాత కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లను వెనక్కి నెట్టిన రోజున అదనపు ద్రవం పొంగి బయటికి వస్తుంది. లెవెల్ దిగితే ముందుగా ప్యాడ్ల మందం చూడాలి. ప్యాడ్లు బాగుండి కూడా లెవెల్ దిగుతుంటే, లేదా వారం పది రోజుల్లోనే తేడా తెలిసేంతగా తగ్గితే, ఎక్కడో కారుతోందని అర్థం. కొత్త ద్రవం పోయడం దానికి మందు కాదు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

సీలు తీయని డబ్బా, నిప్పిల్‌కు, అంటే చక్రం దగ్గర పాత ద్రవాన్ని బయటికి వదలడానికి తెరిచే చిన్న మరకు సరిగ్గా సరిపోయే రింగు స్పానర్ (బండిని బట్టి 8, 10 లేక 11 మిల్లీమీటర్లు), నిప్పిల్ మీద బిగుతుగా కూర్చునే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం ఒక మీటరు, పాత ద్రవం పట్టడానికి చిన్న సీసా, బానెట్ కింది డబ్బాలోంచి తోడటానికి కొత్త సిరంజి, నూలు పోగులు రాలని గుడ్డ, జాకీ, దాని తోడుగా స్టాండు, చక్రాలకు అడ్డం పెట్టడానికి రాళ్లు, చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు కావాలి. పక్కన ఒక బకెట్ నీళ్లు తప్పకుండా ఉంచుకోవాలి. ఈ ద్రవం బండి పెయింటును తినేస్తుంది. ఒలికితే గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు పోసి కడగాలి. కంట్లో పడినా నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అన్నింటికంటే ముఖ్యం ఒక మనిషి తోడు. ఒకరు చక్రం దగ్గర, ఒకరు పెడల్ దగ్గర ఉండి చేసే పద్ధతిలో పొరపాట్లు ఎక్కువగా మాటల దగ్గరే వస్తాయి. అన్నింటికీ ‘సరే’ అని జవాబిస్తే, కాలు కింద ఉందో పైన ఉందో చక్రం దగ్గరున్న వారికి తెలియదు. కాబట్టి చక్రం దగ్గరున్నవారు ‘నొక్కు’ అంటే, పెడల్ దగ్గరున్నవారు నొక్కి పట్టుకుని ‘పట్టుకున్నా’ అనాలి; ‘వదులు’ అంటే కాలు పూర్తిగా తీసి ‘వదిలినా’ అనాలి. తోడు వచ్చింది తమ్ముడైనా బావమరిదైనా ఈ మాటలు పని మొదలుపెట్టకముందే ఒప్పందం చేసుకోవాలి.

నిప్పిళ్లు తుప్పు పట్టి బిగిసిపోవడం పాత బండ్లలో మామూలే. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే మంచిది. తెరిచి ఉన్న మామూలు స్పానర్‌తో బలవంతం చేస్తే నిప్పిల్ మూలలు అరిగిపోతాయి. రింగు స్పానర్‌తో కూడా కదలకపోతే ఆ పని అక్కడే ఆపి, షెడ్డుకు అప్పగించాలి. విరిగిన నిప్పిల్‌ను తీయడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు.

మార్చే పద్ధతి

బండిని చదునైన నేల మీద, చల్లబడిన తరువాత, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచి, నేల మీద ఉండే చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలబడిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు, స్టాండు పెట్టాకే చేయి పెట్టాలి. డబ్బా మూత తీసేముందు చుట్టూ ఉన్న దుమ్మును తుడవాలి, ఎందుకంటే అందులో పడిన ఇసుక రేణువు ఏబీఎస్ వాల్వు దాకా పోగలదు. సిరంజితో పాత ద్రవాన్ని తోడాలి, అయితే అడుగున ఉన్న రంధ్రాలు బయటపడేంతగా తోడకూడదు. ఆ ఖాళీని కొత్త ద్రవంతో పై గీత దాకా నింపి, మూతను బిగించకుండా డబ్బా మీద ఆనించి ఉంచాలి. చాలా షెడ్లలో పని ఇంతటితో ముగుస్తుంది. గొట్టాల్లోనూ క్యాలిపర్లలోనూ ఉన్న పాత ద్రవం అలాగే ఉండిపోతుంది, మరిగేది కూడా అక్కడే.

ఏ చక్రంతో మొదలుపెట్టాలో యజమాని పుస్తకంలో గానీ సర్వీసు పుస్తకంలో గానీ చెప్పి ఉంటే ఆ క్రమమే పాటించాలి. చెప్పకపోతే మాస్టర్ సిలిండర్‌కు దూరమైన చక్రం నుంచి దగ్గరి చక్రానికి రావడం వాడుక. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, మాస్టర్ సిలిండర్ కూడా సాధారణంగా అటే ఉంటుంది కాబట్టి వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుస వస్తుంది. వెనుక డ్రమ్ బ్రేకులు ఉన్న బండ్లలో నిప్పిల్ డ్రమ్ వెనుక పలక లోపలి వైపు ఉంటుంది, క్యాలిపర్‌కైతే పైభాగాన ఉంటుంది.

నిప్పిల్ మీది రబ్బరు టోపీ తీసి, మట్టి తుడిచి, ముందు స్పానర్‌ను, దాని మీదుగా గొట్టాన్ని తొడగాలి. సీసాలో కొంచెం కొత్త ద్రవం పోసి గొట్టం రెండో కొనను అందులో మునిగేలా ఉంచితే, పొరపాటున లోపలికి లాగినా గాలి కాకుండా ద్రవమే పోతుంది. పెడల్ దగ్గరివారు రెండు మూడుసార్లు నెమ్మదిగా తొక్కి, నొక్కి పట్టుకున్నాక నిప్పిల్‌ను పావు చుట్టు నుంచి అర చుట్టు వరకు వదులు చేయాలి. ద్రవం గొట్టంలోకి వస్తుంది, పెడల్ కిందికి దిగుతుంది. అది ఆగకముందే నిప్పిల్ బిగించి, బిగించిన తరువాతే ‘వదులు’ అనాలి. ఈ వరుస తారుమారైతే, అంటే నిప్పిల్ తెరిచి ఉండగా కాలు తీస్తే, గాలి లోపలికి పోతుంది. మొత్తం పనిలో ప్రాణం పెట్టవలసిన చోటు ఇదొక్కటే.

గొట్టంలో ముందు నల్లని ద్రవం వస్తుంది, దానితో చిన్న బుడగలు కూడా రావచ్చు. కొన్నిసార్లు తొక్కిన తరువాత నలుపు పలచబడి, చివరికి కొత్తదాని రంగు కనిపిస్తుంది. రంగు మారాక మరో మూడు నాలుగుసార్లు తీస్తే మంచిది. బుడగలు అదేపనిగా వస్తుంటే భయపడకుండా చూడాలి: నిప్పిల్ మర చుట్టూ గాలి లాగడం వల్ల కూడా బుడగలు కనిపిస్తాయి, అవి సాధారణంగా సన్నగా ఎడతెగకుండా వస్తాయి. నిప్పిల్‌ను తక్కువ తెరిచి చూస్తే అనుమానం తీరుతుంది.

పెడల్‌ను నేలకు ఆనేలా తొక్కకూడదు. రోజూ వాడేటప్పుడు మాస్టర్ సిలిండర్ సీళ్లు అంత దూరం ప్రయాణించవు. అవి చేరని భాగంలో పాత బండ్లలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. వాటి మీదికి సీళ్లు వెళ్తే చీరుకుపోవచ్చు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే ఈ బెడద ఉండదు. అలాగే ప్రతి ఐదారుసార్లకూ డబ్బా చూసి నింపుతూ ఉండాలి. మాటల్లో పడి డబ్బా ఖాళీ అయితే గాలి మాస్టర్ సిలిండర్‌లోకి దిగి, పని మొదటికి వస్తుంది. తోడిన పాత ద్రవాన్ని ఎంత శుభ్రంగా కనిపించినా తిరిగి పోయకూడదు.

ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఉన్న చాలా కార్లలో క్లచ్‌కు, బ్రేకుకు ఒకే డబ్బా నుంచి ద్రవం పోతుంది. నాలుగు చక్రాలకూ మార్చి క్లచ్ గొట్టాన్ని వదిలేస్తే అందులో పాతది మిగిలిపోతుంది. గేర్ బాక్సు దగ్గర ఉండే దాని నిప్పిల్‌ను కూడా ఇదే పద్ధతిలో ఖాళీ చేయాలి.

అన్నీ అయ్యాక నిప్పిళ్లను బిగించాలి. అవి చిన్న మరలు, బలమంతా చూపిస్తే విరుగుతాయి. వాటి చుట్టూ నీళ్లతో కడిగి, రబ్బరు టోపీలు పెట్టి, డబ్బాను గీత దాకా నింపి మూత గట్టిగా వేయాలి.

ఏబీఎస్, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లు

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఏబీఎస్ ఉందని ఇంటి దగ్గర మార్చకూడదనేమీ లేదు. గాలి లోపలికి పోనివ్వకుండా చేసినంతవరకు పై పద్ధతి సరిపోతుంది, ఏబీఎస్ యూనిట్ లోపల కొద్దిగా పాతది మిగిలినా తరువాత కలిసిపోతుంది. గాలి ఆ యూనిట్‌లోకి చేరితే మాత్రం దాని పంపును స్కానర్‌తో తిప్పించి తీయాలి, అది సర్వీసు సెంటర్ పని. పెడల్‌కు, చక్రానికి మధ్య ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉండే హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లను ఇంటి దగ్గర ముట్టుకోకపోవడమే మేలు. వాటిలో తలుపు తీయగానే పంపు దానంతట అదే పనిచేసేవి కూడా ఉన్నాయి.

పని అయ్యాక

ఇంజిన్ స్టార్ట్ చేసి పెడల్‌ను గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోవాలి. స్టార్ట్ చేసినప్పుడు బూస్టర్ పనిచేసి కొంచెం దిగడం సహజం, ఆ తరువాత నిలవాలి. నెమ్మదిగా దిగుతూనే ఉంటే కారడమో, మాస్టర్ సిలిండర్ సీలు పోవడమో అయి ఉంటుంది. ఒకసారి తొక్కితే మెత్తగా, రెండు మూడుసార్లు తొక్కితే గట్టిగా ఉంటే గాలి మిగిలింది; మళ్లీ తీయాలి. పెడల్ సరిగ్గా లేని బండిని షెడ్డుకు కూడా నడిపి తీసుకుపోకూడదు, మెకానిక్‌నే ఇంటికి పిలిపించాలి.

సరిగ్గా ఉంటే వాహనాలు లేని చదును రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, పలుమార్లు ఆపి చూడాలి. మరుసటి ఉదయం ప్రతి చక్రం లోపలి వైపు, నిప్పిల్ దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూసి, డబ్బా లెవెల్ గమనించాకే అలిపిరి వైపు తిప్పాలి. మార్చిన తేదీని ఒక స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల అతికిస్తే, రెండేళ్ల తరువాత ఎవరినీ అడగనక్కర్లేదు.

సీలు తీసిన డబ్బాలో మిగిలినదాన్ని వచ్చే ఏడాదికి దాచుకోకూడదు. పాతదాన్ని మురుగు కాలువలోనో మొక్కల పాదులోనో పారబోయకూడదు, ఇది విషం. మూత ఉన్న సీసాలో పోసి, పేరు రాసి, పాత ఆయిల్ సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. ఇంజిన్ ఆయిల్‌తో కలపకుండా వేరుగా ఇవ్వాలి. తాగునీటి సీసాలో పట్టి ఉంచడం అసలు కూడదు, రంగు చూసి పిల్లలు ఏదో పానీయం అనుకునే ప్రమాదం ఉంది.

ఇదంతా చేసుకోలేనివారు షెడ్డుకే ఇవ్వవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే ఇచ్చేటప్పుడు ‘బ్రేక్ ఆయిల్ మార్చండి’ అని ఊరుకోకుండా, ‘నాలుగు చక్రాల దగ్గరా నిప్పిల్ తెరిచి పాతదంతా తీయండన్నా’ అని స్పష్టంగా చెప్పాలి. సీలు డబ్బాను మన ఎదుటే తెరవమనాలి, వీలైతే మనమే కొని తీసుకుపోవాలి. పని పూర్తయ్యాక సీసాలో పట్టిన పాత ద్రవాన్ని చూపించమనాలి. అర లీటరుకు తక్కువ కాకుండా నల్లని ద్రవం కనిపిస్తే నాలుగు చక్రాల దగ్గరా తీశారని నమ్మవచ్చు. సిరంజితో తోడిన కప్పెడు మాత్రమే కనిపిస్తే డబ్బాలోది మాత్రమే మార్చారని గ్రహించి, డబ్బులిచ్చే ముందే మిగతా పని చేయించుకోవాలి.